కూలిన ఆలయం, మిగిలిన గ్రంథం: హీబ్రూ మూలాల నుంచి తొలి క్రైస్తవం వరకు బైబిలు చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
బైబిలు చెప్పే చరిత్ర ఒకటి, బైబిలు గ్రంథంగా రూపొందిన చరిత్ర మరొకటి. మొదటి దానిలో ఐగుప్తు నుంచి విడుదల, దావీదు రాజ్యం కేంద్రస్థానంలో ఉంటాయి. రెండవ దానిలో మూడు ఓటములు, ఒక అనువాదం కేంద్రస్థానం వహిస్తాయి. ఈ వ్యాసం రెండవ చరిత్రను అనుసరిస్తూ, దాని జాడలు తెలుగు బైబిలు పరిభాషలోనూ గ్రంథక్రమంలోనూ ఎలా నిలిచి ఉన్నాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హీబ్రూ బైబిలు, బబులోను చెర, సెప్టువజింట్, తోరా, నిబంధన, మృతసముద్ర ప్రతులు, తొలి క్రైస్తవం, గ్రంథక్రమం.

1. ప్రవేశిక

తెలుగు పాఠకుడు బైబిలును ఒకే అట్టల మధ్య, ఒకే భాషలో, దాదాపు ఒకే శైలిలో చదువుతాడు. ఆదికాండము మొదలు ప్రకటన గ్రంథము దాకా వాక్యపు నడకలో పెద్ద భేదం కనిపించదు. కాని ఆ అట్టల మధ్య ఉన్నవి వెయ్యేళ్ళకు అటూ ఇటూగా, హీబ్రూ, అరామిక్, గ్రీకు భాషలలో, వేర్వేరు అవసరాలకు పుట్టిన రచనలు. గ్రీకులో ‘బిబ్లియా’ బహువచనం. ‘పుస్తకాలు’ అని అర్థం. ఆ బహువచనం లాటిన్‌లో క్రమంగా ఏకవచనమైంది. తెలుగులో ‘పరిశుద్ధ గ్రంథము’ అయ్యేసరికి అది ఒకప్పుడు బహువచనమన్న స్పృహ కూడా మిగలలేదు.

తులనాత్మక సాహిత్య పరిశోధనలో ఇది చిన్న విషయం కాదు. ‘బైబిలులో స్త్రీ’, ‘బైబిలులో ధర్మభావన’ వంటి అంశాలను తీసుకున్నప్పుడు, ఏ శతాబ్దపు ఏ రచన మాట్లాడుతున్నదన్న ప్రశ్న వేసుకోకపోతే పోలిక పునాదిలోనే బీట పడుతుంది. ఋగ్వేదాన్ని, భాగవతాన్ని ఒకే కాలపు ఒకే రచనగా భావించి ‘హిందూ గ్రంథంలో స్త్రీ’ అని రాస్తే మనం ఒప్పుకోము. ఆ జాగ్రత్త బైబిలు విషయంలోనూ అవసరం. విశ్వాసానికి సంబంధించిన నిర్ణయాలు ఈ వ్యాసం పరిధిలోకి రావు. గ్రంథచరిత్ర మాత్రమే వస్తుంది.

2. హీబ్రూ మూలాలు: రాతిమీది సాక్ష్యం

ఇశ్రాయేలు అన్న పేరు బైబిలుకు వెలుపల మొదటిసారి కనిపించేది ఐగుప్తు రాజు మెర్నెప్తా వేయించిన విజయశాసనంలో. దాని కాలం సుమారు క్రీ.పూ. 1208. 1896లో ఫ్లిండర్స్ పెట్రీ దీనిని థీబ్స్‌లో కనుగొన్నాడు. అందులో కనాను ప్రాంతపు నగరాల పేర్ల పక్కన దేశాన్ని సూచించే చిహ్నం ఉండగా, ఇశ్రాయేలు పేరు పక్కన మాత్రం జనసమూహాన్ని సూచించే చిహ్నం ఉంది. అంటే అప్పటికి అది ఒక జనం; ఇంకా రాజ్యం కాదు.

ఐగుప్తు నుంచి జరిగిన మహానిర్గమనానికి ఐగుప్తు రికార్డులలో ప్రత్యక్షాధారం లేదు. కనాను కొండ ప్రాంతాలలో క్రీ.పూ. 1200 తరువాత కొత్త పల్లెలు పెద్దసంఖ్యలో వెలిశాయి. వాటిలోని మట్టిపాత్రలు స్థానిక కనాను సంప్రదాయానికి చెందినవే. అందువల్ల తొలి ఇశ్రాయేలీయులలో అధికభాగం కనాను నేలమీదివారేనని పురావస్తు శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది భావిస్తున్నారు. బయటినుంచి వచ్చిన ఒక చిన్న సమూహపు జ్ఞాపకం మొత్తం జాతి జ్ఞాపకంగా విస్తరించి ఉండవచ్చునన్న అభిప్రాయమూ ఉంది. ఆ వాదం తేలేది కాదు. సాహిత్య విద్యార్థికి ముఖ్యమైనది, బానిసత్వపు కథను తన ఆదికథగా ఎంచుకున్న జాతి ఒకటి ఉండటం. ప్రాచీన ప్రపంచంలో రాజవంశాలు తమ మూలాన్ని సూర్యుడిలోనో దేవతలలోనో వెతుక్కున్నాయి.

రాజుల కాలానికి వస్తే ఆధారాలు కొంత గట్టిపడతాయి. 1868లో దొరికిన మోయాబు రాజు మేషా శాసనం ఇశ్రాయేలు రాజు ఒమ్రీని, యెహోవా పేరును ప్రస్తావిస్తుంది. 1993లో తేల్ దాన్‌లో బయటపడిన క్రీ.పూ. తొమ్మిదవ శతాబ్దపు అరామిక్ శాసనంలో ‘దావీదు ఇల్లు’ అన్న మాట ఉంది. దావీదు పేరిట ఒక రాజవంశం ఉండేదని దీనివల్ల తెలుస్తుంది. ఆ రాజ్యం ఎంత పెద్దదో తెలియదు. సీనాయి ఎడారిలోని కుంతిల్లెత్ అజ్రూద్ రాతలు మరో కోణం చూపిస్తాయి. క్రీ.పూ. 800 ప్రాంతపు ఆ దీవెనలలో యెహోవా పేరు పక్కన అషేరా పేరు కనిపిస్తుంది. ఏకదేవోపాసన మొదటినుంచి స్థిరంగా ఉన్న స్థితి కాదని, దీర్ఘమైన పెనుగులాట తరువాత నిలబడిందని ప్రవక్తల గద్దింపులనుబట్టి మనం ఊహించగలిగినదే. ఈ కుండపెంకులు ఆ ఊహకు బలమిచ్చాయి.

3. రెండు పతనాలు

క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోను అష్షూరీయుల వశమైంది. ఆ రాజ్యం మళ్ళీ లేవలేదు. కాని హోషేయ వంటి ఉత్తరాది ప్రవక్త మాటలు దక్షిణాన యూదాలో భద్రపడ్డాయి. అదే శతాబ్దం చివర యెరూషలేము నగర విస్తీర్ణం గణనీయంగా పెరిగినట్లు తవ్వకాలు చెబుతున్నాయి. ఉత్తరాదినుంచి వచ్చిన శరణార్థులు తమతోపాటు తమ కథలనూ తెచ్చుకుని ఉంటారన్న ఊహ సమంజసమే.

ఒక శతాబ్దం తరువాత, క్రీ.పూ. 622లో, రాజైన యోషీయా కాలంలో ఆలయం మరమ్మతు జరుగుతుండగా ఒక గ్రంథపు చుట్ట దొరికిందని రాజుల గ్రంథం చెబుతుంది. ప్రధానయాజకుడు హిల్కీయా దానిని కనుగొన్నాడు, లేఖకుడు షాఫాను రాజుకు చదివి వినిపించాడు, రాజు బట్టలు చింపుకున్నాడు. ఆ గ్రంథం ప్రామాణికమా కాదా తేల్చడానికి వాళ్ళు వెళ్ళింది హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరకు. ఒక రాతప్రతిని దైవవాక్యంగా ధ్రువీకరించిన తొలి వ్యక్తిగా బైబిలు ఒక స్త్రీని చూపిస్తున్నదన్న సంగతి మన చర్చలలో తగినంతగా ప్రస్తావనకు రాలేదు. ఆ చుట్ట ద్వితీయోపదేశకాండపు తొలిరూపమని 1805లో జర్మన్ పండితుడు ద వెట్టే ప్రతిపాదించాడు. వివరాలలో భేదాలున్నా, ఆ ప్రతిపాదన నేటికీ ఆధునిక బైబిలు విమర్శకు ఒక మూలస్తంభం.

యోషీయా సంస్కరణకు నలభై ఏళ్ళు కూడా నిండకముందే, క్రీ.పూ. 586లో, నెబుకద్నెజరు సైన్యం యెరూషలేము ఆలయాన్ని తగులబెట్టింది. అంతకు పదకొండేళ్ళ ముందే రాజు యెహోయాకీను చెరపట్టబడ్డాడు. బబులోను తవ్వకాలలో దొరికిన చమురు పంపిణీ లెక్కల మట్టిపలకలలో అతని పేరు ఉంది. ఒక రాజవంశపు వారసుడు పరాయి కోశాగారపు పద్దులో కొన్ని కొలతల నూనెగా మిగలడం చూసినప్పుడు, ఆ ఓటమి పరిమాణం శాసనాలకన్నా స్పష్టంగా తెలుస్తుంది.

విలాపవాక్యములు అన్న చిన్న కావ్యం ఈ పతనాన్ని గురించినది. అందులో మొదటి నాలుగు అధ్యాయాలు హీబ్రూ అక్షరమాల క్రమంలో సాగుతాయి. ఇరవైరెండు అక్షరాలూ వరుసగా చరణాల మొదట నిలుస్తాయి. ఐదవ అధ్యాయంలో చరణాలు ఇరవైరెండే, కాని అక్షరక్రమం లేదు. నగరం, ఆలయం, రాజు పోయిన తరువాత కవికి మిగిలిన ఏకైక క్రమం అక్షరమాల. చివరి అధ్యాయంలో అదికూడా సడలింది. తెలుగు అనువాదంలో ఈ నిర్మాణం పూర్తిగా అదృశ్యమవుతుంది. అక్షరమాలా క్రమంలో పద్యాలు చెప్పే సంప్రదాయం మనకూ ఉన్నది గనుక ఇది మరింత విచారకరం.

చెరలో ఆలయం లేదు, బలి లేదు. పాత కథలు, చట్టాలు, వంశావళులు కూర్పు పొందడం ఎక్కువగా ఈ కాలంలోనూ దీని తరువాతి పారసీక కాలంలోనూ జరిగిందని పండితులు భావిస్తారు. ఆదికాండపు మొదటి అధ్యాయం సూర్యచంద్రులను పేర్లతో పిలవదు. పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని మాత్రమే అంటుంది. సూర్యచంద్రులను దేవతలుగా కొలిచే బబులోను పక్కన పెట్టి చదివితే ఆ మౌనం వాదంగా వినిపిస్తుంది.

4. గ్రంథం లేని యూదులు

క్రీ.పూ. 539లో పారసీకరాజు కోరెషు బబులోనును జయించాడు. చెరలోని యూదులకు తిరిగివెళ్ళే అవకాశం వచ్చింది. యెషయా గ్రంథం ఈ పరాయి రాజును ‘అభిషిక్తుడు’ అన్నది. హీబ్రూలో ‘మాషియహ్’, అంటే మెస్సీయ. తరువాతి చరిత్రలో ఆ మాట ఎంత బరువెక్కిందో తెలిసిన పాఠకుడు ఇక్కడ కొంచెం ఆగవలసిందే. రెండవ ఆలయం క్రీ.పూ. 515లో పూర్తయింది. ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథాన్ని జనుల ముందు చదివినప్పుడు లేవీయులు అర్థం వివరించారని నెహెమ్యా గ్రంథం చెబుతుంది. పఠనం, పక్కనే వ్యాఖ్యానం: సమాజమందిరాల పద్ధతికి బీజం ఇదే.

అయితే యూదులందరూ ఈ గ్రంథం చుట్టూ ఒకేసారి చేరలేదు. నైలునదిలోని ఎలిఫెంటీన్ ద్వీపంలో పారసీక సేవలో ఉన్న యూదు సైనికుల స్థావరం ఉండేది. క్రీ.పూ. ఐదవ శతాబ్దపు వారి అరామిక్ పత్రాలు దొరికాయి. వారికి యెహోవా పేర ఒక ఆలయం ఉంది. ద్వితీయోపదేశకాండము ప్రకారం బలి ఒకే చోట జరగాలి. వీరికి ఆ నియమం తెలిసిన సూచన లేదు. క్రీ.పూ. 410లో ఖ్నూమ్ దేవుని పూజారుల ప్రేరణతో ఆ ఆలయం ధ్వంసమైనప్పుడు, మూడేళ్ళ తరువాత వారు యూదా అధికారికి విన్నపం రాశారు. ఆ పత్రాలలో మోషే పేరే కనిపించదు. పారసీక కాలపు యూదుల చరిత్రను ఎజ్రా, నెహెమ్యాల ద్వారా మాత్రమే చదివితే, గ్రంథకేంద్రితమైన ఒక ధోరణిని మొత్తం జాతి స్థితిగా పొరబడతాము.

5. అలెగ్జాండ్రియా: తోరా, నోమోస్, ధర్మశాస్త్రము

క్రీ.పూ. మూడవ శతాబ్దంలో ఐగుప్తులోని అలెగ్జాండ్రియా నగరంలో మోషే పంచకాండాలు గ్రీకులోకి అనువాదమయ్యాయి. రెండవ టాలెమీ కోరికమీద డెబ్బైరెండుగురు పెద్దలు దీన్ని చేశారని ‘అరిస్టియస్ లేఖ’ చెప్పే కథ. లాటిన్‌లో డెబ్బై అనే అర్థమిచ్చే ‘సెప్టువజింట్’ పేరు అలా వచ్చింది. కథలో రాజు గ్రంథాలయపు కోరిక ఎంత ఉన్నా, హీబ్రూ మరిచిపోతున్న ప్రవాస యూదుల అవసరమే అసలు కారణమై ఉంటుంది. దీనిమీద యూదు సంప్రదాయపు తీర్పు ఒకటి కాదు. ఫైలో దీనిని దైవప్రేరితమన్నాడు. తరువాతి కాలపు యూదు గ్రంథమొకటి అనువాదం జరిగిన దినాన్ని బంగారు దూడ చేసిన దినంతో పోల్చింది. అనువాద చరిత్రలో ఇంతకంటె కఠినమైన సమీక్ష నాకు తెలియదు.

హీబ్రూలో ‘తోరా’ అంటే బోధ, ఉపదేశం. గ్రీకు అనువాదకులు దానికి ‘నోమోస్’ అన్నారు. చట్టం, ఆచారం అన్న అర్థాలు ముందుకు వచ్చాయి. పౌలు విశ్వాసానికీ నోమోస్‌కూ మధ్య పెట్టిన ఉద్రిక్తత ఈ గ్రీకు మాటమీద నిలిచింది. తెలుగులో ఇది ‘ధర్మశాస్త్రము’ అయింది. మన చెవికి ఆ మాట మనువునూ యాజ్ఞవల్క్యుడినీ వెంటబెట్టుకుని వస్తుంది. తోరాలో సృష్టికథ ఉంది, అబ్రాహాము కుటుంబ కలహాలున్నాయి, యోసేపు కథ ఉంది. వీటిని స్మృతిగ్రంథం అన్న చట్రంలో ఇమిడ్చి మనుస్మృతితో పోల్చడం మొదలుపెడితే, పోల్చుతున్నది తోరాను కాదు, ఒక గ్రీకు మాటకు సంస్కృతానువాదాన్ని.

పుస్తకాల పేర్లకూ ఇదే దారి. హీబ్రూలో పంచకాండాల పేర్లు ఆయా గ్రంథాల తొలి వాక్యంలోని మాటలే: బెరేషీత్, షెమోత్, వయిక్రా, బెమిద్బార్, దెవారీమ్. మన ‘నిర్గమ’, ‘సంఖ్యా’ గ్రీకు పేర్ల అనువాదాలు. ‘కాండము’ రామాయణపు అలవాటు. ‘ద్వితీయోపదేశకాండము’ మరీ ఆసక్తికరం. ధర్మశాస్త్రానికి ఒక నకలు రాసుకోవాలని రాజుకు చెప్పే సందర్భంలో హీబ్రూలో ఉన్న ‘మిష్నే’ అన్న మాటను గ్రీకులో ‘రెండవ ధర్మశాస్త్రం’ అన్నట్టు అనువదించారు; గ్రంథానికి ఆ పేరే స్థిరపడింది. తెలుగు అనువాదకులు ఇక్కడ మాత్రం ‘నోమోస్’ స్థానంలో ‘ఉపదేశ’ అన్నారు. ఒక పొరపాటు పేరును అనువదిస్తూ, తెలిసో తెలియకో, తోరా మూలార్థానికి అందరికంటె దగ్గరగా వెళ్ళారు.

‘నిబంధన’ కథ ఇందుకు భిన్నం. హీబ్రూలో ‘బెరీత్’ ఇరుపక్షాల మధ్య ఒడంబడిక. గ్రీకు అనువాదకులు దానికి ‘డియాథేకే’ అన్నారు. మామూలు గ్రీకులో అది వీలునామాను సూచించే మాట. లాటిన్ ‘టెస్టమెంటుమ్’ ఆ అర్థాన్నే పట్టుకుంది. తెలుగు ‘నిబంధన’ హీబ్రూ వైపు మొగ్గింది, మంచిదే. కాని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో రచయిత ఆ గ్రీకు మాటలోని రెండర్థాలతో వాదం నడుపుతాడు: వీలునామా రాసినవాడు మరణిస్తేనే అది చెల్లుతుంది. తెలుగు అనువాదం అక్కడ ‘నిబంధన’ను వదిలి ‘మరణశాసనము’ అనవలసివచ్చింది. మూలంలో ఒకే మాటమీద నిలిచిన తర్కం తెలుగులో రెండు మాటల మధ్య తెగిపోయింది.

దేవుని నామం విషయంలోనూ ఇటువంటి తెగిన దారమే ఉంది. హీబ్రూలో నాలుగు హల్లులతో రాసే ఆ నామాన్ని యూదులు ఉచ్చరించరు. దాని బదులు ‘అదోనాయ్’ అని చదువుతారు. ఆ హల్లులకు ఈ అచ్చులు కలిపి చదవగా ఏర్పడిన రూపం ‘యెహోవా’. గ్రీకు బైబిలు క్రైస్తవ ప్రతులలో నామానికి బదులు ‘క్యూరియోస్’, అంటే ప్రభువు అని ఉంది; క్రైస్తవానికి ముందరి కొన్ని గ్రీకు ప్రతులలో మాత్రం నామాన్ని హీబ్రూ లిపిలోనే ఉంచారు. యోవేలు గ్రంథంలో యెహోవా నామాన్ని గురించి ఉన్న మాటను పౌలు రోమీయులకు రాస్తూ యేసుకు అన్వయించాడు. రెండుచోట్లా గ్రీకులో ‘క్యూరియోస్’ ఉంటే ఆ అన్వయం ఎంత సాహసమో వెంటనే తెలుస్తుంది. తెలుగులో ఒకచోట ‘యెహోవా’, మరోచోట ‘ప్రభువు’ అని ఉండటంతో పాఠకుడు గమనించకుండానే దాటిపోతాడు.

ఇక యెషయా ఏడవ అధ్యాయంలోని ‘అల్మా’. హీబ్రూలో యుక్తవయస్సు స్త్రీ. గ్రీకులో ‘పార్థెనోస్’, ప్రధానార్థం కన్య. మత్తయి సువార్త గ్రీకు పాఠాన్ని ఆధారం చేసుకుంది. క్రీ.శ. రెండవ శతాబ్దంలో జస్టిన్ రాసిన సంవాదంలో యూదుడైన త్రైఫో ఈ మాటమీదే అభ్యంతరం చెబుతాడు. అకీలా చేసిన కొత్త గ్రీకు అనువాదం ఇక్కడ ‘యువతి’ అన్న అర్థమున్న మాటను వాడింది. తెలుగులోని ‘కన్యక’ చిన్నవయసు పిల్లనూ, పురుషసంపర్కం లేని స్త్రీనీ రెంటినీ సూచించగల మాట. వివాదాన్ని అది పరిష్కరించదు, తనలో దాచుకుంటుంది.

6. గుహలలోని బహువచనం

అంతియోకస్ నాలుగవవాని దమనం, క్రీ.పూ. 164లో మక్కబీయులు ఆలయాన్ని తిరిగి ప్రతిష్ఠించడం, క్రీ.పూ. 63లో రోమను రాక తెలిసిన చరిత్రే. దానియేలు గ్రంథం తుదిరూపం పొందినది అంతియోకస్ సంక్షోభంలోనన్నది పండితులలో బలమైన అభిప్రాయం.

1947 నుంచి కుమ్రాను గుహలలో బయటపడిన ప్రతులు ఈ కాలపు గ్రంథస్థితిని మార్చి చూపించాయి. నేటికీ సంపూర్ణంగా మిగిలి ఉన్న హీబ్రూ బైబిలు ప్రతులలో పాతది క్రీ.శ. 1008 నాటి లెనిన్‌గ్రాడ్ ప్రతి. కుమ్రానులో దొరికిన యెషయా చుట్ట అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందుది. పాఠం ఆశ్చర్యకరంగా నిలకడగా ఉందని చాలామంది సంతోషించారు. నిజమే. కాని అదే గుహలలో యిర్మీయా గ్రంథం వేరే కథ చెప్పింది. గ్రీకు యిర్మీయా హీబ్రూ యిర్మీయాకన్నా సుమారు ఎనిమిదో వంతు చిన్నది. అధ్యాయాల వరుసా వేరు. గ్రీకు అనువాదకుడే కుదించాడని అనుకునేవారు. కుమ్రానులో ఆ చిన్న పాఠానికి దగ్గరగా ఉన్న హీబ్రూ శకలాలు దొరికాయి. అనువాదకుడు నిర్దోషి, రెండు హీబ్రూ పాఠాలు పక్కపక్కనే జీవించాయి. మహాభారతానికి ఉత్తర, దక్షిణ పాఠాలున్నాయని తెలిసిన మనకు ఇది వింతగా తోచనక్కరలేదు.

7. మూడవ పతనం, ఇద్దరు వారసులు

కొత్త నిబంధనలో మత్తయి మొదట ఉన్నా, కాలక్రమంలో ముందున్నవి పౌలు లేఖలు. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక సుమారు క్రీ.శ. 50 నాటిది. అప్పటికి యేసును పిలాతు సిలువ వేయించి సుమారు ఇరవై ఏళ్ళు. సువార్త ఒక్కటీ రాతకెక్కలేదు. పౌలుకు ‘లేఖనములు’ అంటే హీబ్రూ గ్రంథాలే, అదీ ఎక్కువగా గ్రీకు రూపంలో. కొత్త మతానికి కొత్త గ్రంథం రాస్తున్నానన్న భావన ఆ లేఖలలో లేదు.

క్రీ.శ. 70లో టైటస్ సైన్యం రెండవ ఆలయాన్ని కూల్చింది. దోచుకున్న ఆలయ పాత్రలను మోసుకుపోతున్న దృశ్యం రోములోని టైటస్ తోరణం మీద నేటికీ ఉంది. మార్కు సువార్త ఈ విపత్తు నీడలో రాయబడింది. మత్తయి, లూకా, యోహాను ఆ తరువాతివి. బలి ఆగిపోయాక రెండు సమాధానాలు వచ్చాయి. యోహానాన్ బెన్ జక్కాయి వంటి పండితులు యవ్నెలో అధ్యయనాన్ని ఆరాధన స్థానానికి ఎత్తారు. క్రైస్తవులు యేసునే ఆలయంగానూ బలిగానూ చదివారు. యూదుమతం తల్లి, క్రైస్తవం బిడ్డ అనడం మనకు అలవాటు. ఒకే శిథిలం నుంచి బయలుదేరిన రబ్బీల యూదుమతం, క్రైస్తవం తోబుట్టువులు అనడం చరిత్రకు దగ్గర.

యవ్నెలో ఒక మహాసభ జరిగి హీబ్రూ గ్రంథాల జాబితా తేల్చిందన్న పందొమ్మిదవ శతాబ్దపు ఊహ ఇప్పుడు నిలవడం లేదు. క్రైస్తవుల వైపు జాబితా అవసరాన్ని తీవ్రం చేసినవాడు మార్సియన్. క్రీ.శ. 144 ప్రాంతంలో అతడు హీబ్రూ గ్రంథాలన్నిటినీ తిరస్కరించి, సవరించిన లూకానూ పౌలు పది లేఖలనూ మాత్రం ఉంచుకున్నాడు. సంఘం అతన్ని వెలివేసి, హీబ్రూ గ్రంథాలను నిలుపుకుంది. కాని నిలుపుకునేటప్పుడు వాటికి ‘పాత’ అన్న విశేషణం అంటించింది. ఇరవైయేడు పుస్తకాల కొత్త నిబంధన జాబితా మనకు తెలిసిన రూపంలో మొదట కనిపించేది క్రీ.శ. 367 నాటి అతనేసియస్ లేఖలో.

8. వరుసలోని అర్థం

చుట్టలుగా ఉన్నంతకాలం గ్రంథాలకు భౌతికమైన వరుస లేదు. ఏ చుట్ట ఎప్పుడు విప్పినా సరే. ఆకులను ఒకవైపు కుట్టిన పుస్తకరూపాన్ని క్రైస్తవులు మొదటినుంచి ఇష్టపడ్డారు. పుస్తకంగా కుట్టాక దేని తరువాత ఏది అన్నది తప్పనిసరి ప్రశ్న అయింది. హీబ్రూ వరుస తోరా, ప్రవక్తలు, రచనలు. గ్రీకు, లాటిన్ సంపుటాలలో ప్రవక్తలను చివరికి జరిపే ధోరణి బలపడింది. అందులోనూ ఏకరూపత లేదు: నాల్గవ శతాబ్దపు వాటికన్ ప్రతిలో పాత నిబంధన దానియేలుతో ముగుస్తుంది.

తెలుగు ప్రొటెస్టెంటు బైబిలులో పాత నిబంధన పుస్తకాలు 39. హీబ్రూ లెక్కలో ఇవే 24. అంటే ఎంపిక హీబ్రూది, అమరిక గ్రీకు-లాటిన్ సంప్రదాయానిది, పేర్లు సంస్కృతం తొడుగు వేసుకున్న గ్రీకువి. కతోలిక బైబిలులో మక్కబీయుల గ్రంథాల వంటివి చేరి ఈ సంఖ్య 46 అవుతుంది. సిద్ధాంతగ్రంథాలలో ‘బైబిలు ప్రకారం’ అని రాసేముందు ఏ బైబిలు అన్నది ఒక వాక్యంలో చెప్పడం పరిశోధకుని కనీస బాధ్యత.

మన ప్రతిలో పాత నిబంధన మలాకీతో, ఏలీయా రాబోతున్నాడన్న మాటతో ముగుస్తుంది. పుట తిప్పితే మత్తయి, కొద్ది పుటలలోనే ఏలీయాను తలపించే బాప్తిస్మమిచ్చు యోహాను. తల్మూదు చెప్పే హీబ్రూ వరుసలో చివరిది దినవృత్తాంతములు. అది పారసీకరాజు కోరెషు ఆజ్ఞతో ఆగుతుంది: యెరూషలేములో మందిరం కట్టాలి, వెళ్ళదలచినవాడు వెళ్ళవచ్చు. ఆజ్ఞ పూర్తి పాఠం ఎజ్రా మొదట్లో ఉంది; ఇక్కడ వాక్యం సగంలో తెగి, ‘వెళ్ళు’ అన్న క్రియ దగ్గర నిలిచిపోతుంది. ఈ వరుసను తల్మూదు నమోదు చేసేనాటికి కోరెషు అనుమతించిన ఆ మందిరం కూలి శతాబ్దాలు గడిచాయి.